సుఖ్‌దేయి కొడుకు

ఫిజీలోని లంబాసాలో ఆ ఉదయం రామ్‌రతి రొట్టెలు కాలుస్తూనే కొడుకు ఉమేష్ ప్రాణం తోడేస్తోంది. వచ్చే నెలలోనే ఇండియా ప్రయాణం. డెబ్బై రెండేళ్ల రామ్‌రతికి ఉన్న కోరిక ఒక్కటే, కన్నుమూసేలోగా తండ్రి పుట్టుపూర్వాలున్న ఊరి మట్టి తొక్కాలి. ఆయన ఫిజీకి వస్తున్న కూలీల ఓడలో, నడిసముద్రంలో పుట్టాడు. అందుకే సముందర్ అని పేరు పెట్టారు. ఆయన తల్లి ధనియాది ఉత్తరాదిన బస్తీ అనే జిల్లా అని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఊరి పేరే ఎవరికీ తెలియదు.

ఆ పేరున్న పాత ఓడ కాగితాల కోసమే మనవరాలు అంజని రాజధాని సువా వెళ్లి, పొద్దున్నే పడవ దిగి వచ్చింది. రాగానే నాయనమ్మను వాటేసుకునే పిల్ల ఇవాళ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు? ఊరు దొరికిందా లేదా?"

"దొరికింది ఆజీ. కానీ అది ధనియా ఊరు కాదు."

అంజని కాగితం విప్పింది. "ఓడ డాక్టరు రాసిందిది. సుఖ్‌దేయి అనే ఆవిడ మగపిల్లాణ్ణి కని మూడో రోజున పోయింది. సముద్రంలో వదిలేశారు. బిడ్డను ధనియా అనే ఒంటరి ఆడమనిషికి అప్పగించారు."

"నోర్ముయ్!" రామ్‌రతి అట్లకాడ విసిరికొట్టింది. "ధనియా ఆజీ మా నాన్నను కనలేదా? ఆవిడ మంచాన పడితే ముద్దలు కలిపి పెట్టాడే మా నాన్న! ఎవరి కాగితమో తెచ్చి మాకు అంటగడతావా? పొయ్యిలో పడెయ్!"

"దాన్నెందుకమ్మా తిడతావు? పంపింది నువ్వేగా," అన్నాడు ఉమేష్.

"నిజమైతే నాన్న నాతో చెప్పేవాడు కాడూ?"

"చెబితే పెంచిన తల్లి నొచ్చుకుంటుందనుకున్నాడేమో ఆజీ," అంది అంజని మెల్లగా.

 తండ్రి అవసాన దశలో అన్న మాట రామ్‌రతికి గుర్తొచ్చింది. 'నన్ను సముద్రంలోనే వదులు బిడ్డా.' ఎందుకో మాత్రం చెప్పలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. "ఛీ, ఆ ఉప్పునీళ్లలోనా? నలుగురూ నవ్వరూ? నిన్ను గంగలో కలుపుతాం, చాదస్తం మానెయ్," అని తనే కసిరింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ అడగలేదు. అన్నయ్యతో అస్థికలు కాశీకి పంపి, మా నాన్నకు గంగ దక్కిందని నలభై ఏళ్లుగా ఊరంతా గొప్పలు చెప్పుకుంది.

"ఆవిడకు ఎన్నేళ్లని రాశారు?"

"పంతొమ్మిది."

"అయ్యో, నీకన్నా చిన్నది కదే తల్లీ! ఎక్కడ వదిలారట?"

"అది రాయలేదు ఆజీ. ఫిజీకి ఇంకా పద్దెనిమిది రోజుల దూరం ఉందని మాత్రం రాశారు."

రామ్‌రతి చెప్పులైనా వేసుకోకుండా ఇంటి వెనక తీరానికి నడిచింది. మోకాళ్ల లోతు నీళ్లలో ఆగి రెండు చేతులూ జోడించింది.

"అమ్మా సుఖ్‌దేయీ! నీ కొడుకు నీ దగ్గరికే వస్తానన్నాడు. కాళ్లావేళ్లా పడ్డట్టే అడిగాడు. నేనే పంపలేదమ్మా, పాపిష్టిదాన్ని!"

అంజని పరుగున వచ్చి ఆమెను పొదివి పట్టుకుంది. వెనకే వచ్చిన ఉమేష్ కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "టికెట్లు వద్దనేయనా అమ్మా?"

"వద్దు, వెళదాం. ముందు కాశీకి వెళదాం. ఒక్క చెంబెడు గంగ తెచ్చి ఇక్కడ పోస్తాను." రామ్‌రతి మనవరాలి భుజం గట్టిగా పట్టుకుంది. "నలభై ఏళ్లయిందే అంజనీ. ఆ చెంబులో మా నాన్న కాస్తయినా ఉంటాడంటావా?"