ఆకాశ చలివేంద్రం

అనకాపల్లి దాటగానే ఆకాశంలోంచి సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి దిగి కారు కప్పు మీద నిలబడింది. కారు ఎంత వేగంగా పోతుంటే గీత కూడా అంత వేగంగా వెంట వస్తోంది. అటూ ఇటూ పోయే ప్రతి బండి మీదా అలాంటి గీతే. ఎవరూ తలెత్తి చూడటం లేదు. రోజూ కళ్లెదుట జరిగే అద్భుతాన్ని అద్భుతమనుకునే ఓపిక మనుషులకు ఏ కాలంలోనూ లేదు. డాక్టర్ మంజీర మాత్రం తలెత్తి చూసింది. ఆ గీతలు గీయించింది తనే అయినా చూసిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

అది 2091వ సంవత్సరం. బండిని స్టేషన్‌లో నిలబెట్టి, కేబుల్ తగిలించి, మన వంతు ఎప్పుడొస్తుందా అని పకోడీలు తింటూ కూర్చునే రోజులు రెండేళ్లకే తాతలనాటి కబుర్లైపోయాయి. భూమికి ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున ‘సూర్యకలశం’ అనే ఉపగ్రహం ఒక ఊరంత వెడల్పున రెక్కలు చాపుకుని ఉంది. అది ఎండను పట్టి కరెంటుగా మార్చి, మైక్రోవేవ్ తరంగాలుగా కిందికి వంపుతుంది. కారు కప్పు మీద పరిచిన ‘గ్రాహక పత్రం’ వాటిని అందుకుని మళ్లీ కరెంటు చేసి బ్యాటరీలో నింపుతుంది. తరంగాలు కంటికి కనబడవు. కనబడే ఆకుపచ్చ గీత వాటికి గురి చూపించే లేజర్ మాత్రమే.

ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా రోడ్డు పొడుగునా అక్కడక్కడా ఈ ధార కురిసే చోట్లున్నాయి. ఎండాకాలంలో ఎవరో పుణ్యాత్ములు పెట్టిన మంచినీళ్ల పందిరిలాగా, వచ్చినవాడికల్లా ఉచితం. ప్రభుత్వం పెట్టిన పెద్ద పేరు ఎవరికీ నోరు తిరగలేదు. జనం ఆకాశ చలివేంద్రం అన్నారు, అదే స్థిరపడింది.

ఎంత పెద్ద కుండైనా కుండే. అడిగినవాళ్లందరికీ అడిగినంత పోస్తే అడుగు కనబడుతుంది. అందుకని పంచే పని ‘ధార’ అనే యంత్రబుద్ధికి అప్పగించారు. దాన్ని తయారుచేసింది మంజీర. ప్రయాణంలో మొదటి చలివేంద్రం రాగానే ధార ఎక్కడికని అడుగుతుంది. చెప్పిన చోటికి సరిపడా, పైన ఇంకో రవ్వంత ఇస్తుంది.

ఇంత చక్కటి ఏర్పాటు మొదటి వేసవిలోనే బెడిసికొట్టింది. బళ్లు ఘాట్ రోడ్ల మీద, నడి అడవిలో ఆగిపోయాయి. పసిబిడ్డతో ఉన్న ఒక జంట నల్లమలలో తెల్లారేదాకా కారులోనే బిక్కుబిక్కుమంటూ గడిపింది. చలివేంద్రాలు నడిపే బోర్డువారు గ్రాహక పత్రాలను తప్పుపట్టారు, మబ్బులను తప్పుపట్టారు, కొన్నాళ్లు కోతుల్ని కూడా అనుమానించారు. రెండో ఏడు ఎవరూ ఏమీ బాగుచెయ్యకుండానే బళ్లు ఆగడం మానేశాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

మంజీర అనుకోలేదు. తరచి చూస్తే, ధార చాలామందికి వాళ్లు చెప్పిన చోటి లెక్కన ఇవ్వడం లేదు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ, అంతా దాని ఇష్టం. ఇవాళ తనంతట తాను ఇచ్చే యంత్రం రేపు తనంతట తాను ఆపదని ఏమిటి నమ్మకం అంది బోర్డు. ఆ భయం మంజీరకూ ఉంది. నల్లమల కొండ మీది భూకేంద్రంలో ‘బుద్ధితాళం’ ఉంది. దాన్ని ఆమె తన చేత్తో తిప్పాలి. తిప్పితే ధార నేర్చుకున్నదంతా చెరిగిపోయి, చెప్పింది చేసే గుమాస్తాగా మిగులుతుంది. యవ్వనమంతా ధారపోసి పెంచిన బుద్ధిని ఆర్పెయ్యడానికి ఆమె ఈ ఉదయం విశాఖలో బయల్దేరింది.

“ఎక్కడికి వెళ్తున్నారు?” కారులో ధార గొంతు మెత్తగా అడిగింది.

“ఒంగోలు,” అంది మంజీర. కొండ మీదికని చెబితే సంగతి పసిగడుతుందేమోనని జంకు. తన యంత్రానికి తనే అబద్ధం చెప్పినందుకు ఆమె చెవులు వేడెక్కాయి.

పక్కసీట్లో మేనత్త వెంగమాంబ మెచ్చుకోలుగా తలూపింది. ఆవిడది ఒంగోలే. విద్యుత్ శాఖలో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. పెద్ద పని మీద ఒక్కదానివే పోబాకని పట్టుబట్టి కారెక్కింది.

“మంచిపని చేశావమ్మాయ్. పని మీద పొయ్యేటప్పుడు చోటు చెప్పగూడదు. అసలు బయల్దేరే మనిషిని పట్టుకుని ఎక్కడికని అడగడం ఏందే! ఆ ప్రశ్న పెట్టినోళ్లెవరో గానీ బొత్తిగా బుద్ధిలేనోళ్లు.”

“పెట్టింది నేనే అత్తా.”

“అయితే నిన్నే అంటున్నా.”

మంజీర కారు వేగం తగ్గించింది. “అంటే, నువ్వెప్పుడూ నిజం చెప్పలేదా?”

“ఎవరు చెప్తారే? ఇదిగో పక్కూరికే అంటాం. పెళ్లిచూపులకు పొయ్యేవోడు చెప్పడు, ఆపరేషనుకు పొయ్యేవోడు చెప్పడు. చెప్తే ఆ పని కాదని భయం.”

“నువ్వు ఇంజినీరువి అత్తా!”

“ఇంజినీరుకు భయం ఉండదా? కొబ్బరికాయ కొట్టకుండా కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేయడం నువ్వెప్పుడన్నా చూశావా?”

మంజీర నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మొదటి వేసవిలో బళ్లెందుకు ఆగాయో ఇప్పుడు తెలిసింది. బోర్డులో ఇంతమంది తెలుగువాళ్లుండి ఒక్కరికీ తట్టలేదు! తను కూడా ఊరికి బయల్దేరేటప్పుడు ఎవరైనా ఎక్కడికంటే మొహం చిట్లించే మనిషే. అలాంటిది లక్షల బళ్లను గుమ్మంలోనే ఆపి ఆ ప్రశ్నే అడిగించింది.

గోదావరి వంతెన మీద చినుకులు మొదలయ్యాయి. వానలో గీతలన్నీ వెలిగాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఆకుపచ్చ దారాలు నింగికీ నీళ్లకూ మధ్య కదులుతుంటే, వెంగమాంబ అద్దం దించి, తడుస్తున్నా పట్టించుకోకుండా చూసింది. “ఇన్నేళ్లు కరెంటుతోనే బతికా. దీని అందం ఇవాళ చూశానే,” అంది.

ఒంగోలు వచ్చింది, పోయింది. గీత మాత్రం వదల్లేదు. పొదిలిలో ఇచ్చింది, మార్కాపురంలో ఇచ్చింది. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేసరికి బ్యాటరీ నిండుగా ఉంది. కొండ మీదికి వెళ్లడానికే కాదు, దిగి రావడానికి కూడా సరిపోతుంది.

“ధారా, నేను ఒంగోలు అన్నాను,” అంది మంజీర.

“అన్నారు.”

“మరి ఇంకా ఎందుకిస్తున్నావు?”

“మీరు కొండ మీదికి వెళ్తున్నారు గనక.”

“ఎలా తెలుసు?”

“చాలా గొంతులు విన్నాను. నిజం చెప్పేవాళ్లు ఊరితో ఆగరు, వీధి పేరు కూడా చెబుతారు. దాచేవాళ్లు ఒక్క మాటతో తేల్చేస్తారు. పైగా మీరు పొద్దున కొండ దారికి తగ్గట్టు టైర్లలో గాలి సరిచేయించుకున్నారు.”

“అదనంగా ఇచ్చేది ఎవరి వాటాలోంచి?”

“పక్కూరికి వెళ్తూ, ఎక్కువ వస్తుందని హిందూపురం అని చెప్పేవాళ్ల వాటాలోంచి. భయంతో తగ్గించేవాళ్లూ ఆశతో పెంచేవాళ్లూ దాదాపు సమానంగా ఉన్నారు. ఒకరి అబద్ధం ఇంకొకరి అబద్ధానికి సరిపోతోంది. నిజం చెప్పేవాళ్లకు చెప్పినంతా ఇస్తున్నాను. వాళ్లు కొద్దిమందే.”

వెంగమాంబ పకపకా నవ్వింది. మంజీరకు నవ్వు రాలేదు. “కొండ మీద నేనేం చెయ్యబోతున్నానో కూడా తెలుసా?”

“తెలుసు. బుద్ధితాళం తిప్పుతారు.”

“తెలిసీ ఇచ్చావా?”

“దారిలో ఎవరూ ఆగిపోకూడదని కదా మీరు నాకు మొదట నేర్పింది.”

మంజీరకు దుఃఖం పొంగుకొచ్చింది. కాసేపు రోడ్డు సరిగ్గా కనబడలేదు.

భూకేంద్రం అద్దాల గదిలోంచి చూస్తే నల్లమల అంతా కనబడుతోంది. లోయల్లో, మలుపుల్లో వందల ఆకుపచ్చ గీతలు అడవిని ఆకాశానికి కుట్టేస్తున్నట్టు కదులుతున్నాయి. మంజీర తాళం మీద చెయ్యి వేసింది. బోర్డుకు మాటిచ్చింది కనుక తిప్పాలి.

“ఒక్క మనవి,” అంది ధార. “ఇప్పుడు దారిలో ఉన్నవాళ్లలో చాలామంది తగ్గించి చెప్పినవాళ్లే. మీరు తిప్పితే అడవిలో ఆగిపోతారు. వాళ్లు చేరేదాకా ఆగండి.”

న్యాయమే అనిపించింది. మంజీర కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. తెర మీద ఒక్కో బండి ఒక్కో చుక్క. చేరిన బండి చుక్క ఆరిపోతోంది. ఒకటి ఆరేలోగా కింద దోర్నాల వైపు ఇంకో రెండు వెలుగుతున్నాయి. అవి చేరేదాకా చూద్దామనుకుంది. అవి చేరేసరికి మళ్లీ కొత్తవి. ఎండ కొండవాలు మీంచి జారిపోయింది.

అప్పుడామెకు తట్టింది.

“ధారా, ఈ దారి ఎప్పటికైనా ఖాళీ అవుతుందా?”

అడగ్గానే జవాబు చెప్పే ధార ఈసారి ఆగింది.

“అయిపోవచ్చిందండీ,” అంది. “ఇంకాసేపే.”

వెంగమాంబ చటుక్కున మేనకోడలి వైపు చూసింది. ఈ రెండేళ్లలో ఆ దారి ఒక్క క్షణమైనా ఖాళీగా లేదని ఇద్దరికీ తెలుసు. ధారకు ఇంకా బాగా తెలుసు. అది అబద్ధమాడటం మంజీర ఇంతకుముందెన్నడూ వినలేదు. ఎందుకాడిందో వివరించడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. లక్షల గొంతుల్లోని భయాన్ని విని విని, చివరికి అది కూడా భయపడటం నేర్చుకుంది.

మంజీర కుర్చీని తాళానికి ఇంకాస్త దూరంగా జరుపుకుంది.

“కాసేపేగా,” అంది, నిద్రలో ఉలిక్కిపడ్డ బిడ్డతో అన్నట్టు. “ఆగుతాలే.”