అత్తగారి సామాను

ఆ ఉదయం అత్తగారు టీలో చక్కెర వేసుకోవడం మర్చిపోయి, ఆ చప్పటి టీనే మూతి ముడుచుకుని తాగేశారు. ఎదురుగా అల్లుడు బ్రెడ్డు ముక్కకు రాసిన వెన్నే మళ్లీ రాస్తున్నాడు.

"ఏమైందమ్మా?" అంది కూతురు. "ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే కారు. పోట్లాటేదో అక్కడే తేల్చుకుని రావచ్చు కదా!"

"నన్నడుగుతావేం? మీ ఆయన్ని అడుగు. పన్నెండేళ్లుగా నేను నడిపిన ఆస్పత్రి వెబ్‌సైటు మొత్తం పారేసి మొదటి నుంచి రాయాలని మేనేజరుకు చెప్పాడు. ఇక నన్ను ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే సీట్లో కూర్చోబెడతారట."

అల్లుడి ముఖం మాడిపోయింది. "సీటు సంగతి నేననలేదు అత్తయ్యా. సైటు కట్టడానికి మీరు వాడే రెడీమేడ్ చట్రం, ఆ ఫ్రేమ్‌వర్కును తయారుచేసినవాళ్లే వదిలేశారు. కొత్తదాంట్లోకి మారడానికి ఆరు నెలలు పడుతుందన్నాను, అంతే."

"పాతబడిందని నాకు తెలీదా? నేను చేరిన రోజున ఏలుతున్న ఫ్రేమ్‌వర్కూ పోయింది, దాన్ని తరిమిందీ పోతోంది. నువ్వు నెత్తిన పెట్టుకున్నదీ ఓనాడు పోతుంది. దానికి నాకు దిగుల్లేదు. పారేయాలన్నావు చూడు, అది గుచ్చుకుంది." ఆవిడ ఏడుపు దిగమింగుకుని అడిగారు. "సామాను అని ఒక ఫోల్డరుంది. తెరిచావా?"

"లేదు... పేరు చూసి పనికిరాని పాత ఫైళ్లేమో అనుకున్నాను."

కూతురు ఫక్కున నవ్వింది. అత్తగారికి మాత్రం ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ తెచ్చి వెన్న గిన్నె పక్కన పెట్టారు.

మొదటి ఫ్రేమ్‌వర్కు మూలపడ్డప్పుడు ఆవిడ అన్నీ తిరగరాసి విసిగిపోయారు. అప్పటినుంచి, ఎప్పుడైనా ఖాళీ చేయాల్సిన అద్దె ఇంట్లో ఉన్నట్టే పనిచేశారు. ఏ డాక్టరు ఎప్పుడుంటాడు, ఒకే సమయం ఇద్దరికి దక్కకుండా ఎలా ఆపాలి, నెట్ తెగితే రోగి నింపిన వివరాలు ఎలా కాపాడాలి, అన్నీ ఏ ఫ్రేమ్‌వర్కుకూ అంటకుండా విడిగా రాసి ఆ ఫోల్డరులో పెట్టారు. తెర మీద కనిపించే బొత్తాలూ రంగులే ఫ్రేమ్‌వర్కుకు వదిలేశారు.

ఫైళ్లు తెరుస్తున్నకొద్దీ అల్లుడి కళ్లు పెద్దవయ్యాయి. "అంటే, పైపైన మారిస్తే చాలా?"

"చాలు. సామాను అలాగే ఎత్తుకెళ్లు."

"తప్పు నాదే అత్తయ్యా. చూడకుండా నోరు జారాను." అక్కడికక్కడే మేనేజరుకు ఫోను కలిపాడు. "సార్, ఆరు నెలలక్కర్లేదు, నెల చాలు. కానీ మా అత్తయ్య నా పక్కన లేకపోతే నావల్ల కాదు!" ఆఫీసులో మేడం అనాలన్న సంగతే మర్చిపోయాడు.

కొత్త ఫ్రేమ్‌వర్కును అత్తగారు తిడుతూనే నేర్చుకున్నారు. ఓరోజు, "ఇదేదో బాగానే ఉంది బాబూ," అని ఒప్పుకున్నారు కూడా. కొత్త సైటులో మొదటి అపాయింట్‌మెంటు పడగానే ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. ఫిర్యాదుల సీటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇకపై వచ్చే పని మొత్తానికీ ఆవిడనే పెద్దగా నియమించారు.

ఆ వారమే అల్లుడు ఇంకో సైటు మొదలుపెట్టాడు. అత్తగారు వెనక నుంచి తొంగిచూశారు. ఒక్క బొత్తామైనా పెట్టకముందే అతను చేసుకున్న మొదటి ఫోల్డరు పేరు, సామాను.

"అప్పుడే ఎందుకయ్యా? నీ ఫ్రేమ్‌వర్కే కదా ఇప్పుడు రాజ్యమేలుతోంది?"

"ఎన్నాళ్లేలుతుంది అత్తయ్యా! రేపు నాకూ ఒక అల్లుడొస్తాడు కదా!"

ఆవిడ పకపకా నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.