ముందే తెలిసిన పిడుగు

తెల్లారి ఎండ చురుక్కుమంటోంది. రొట్టెల గంప నెత్తికెత్తుకుని లలితమ్మ అప్పుడే తమ చేనుకు వెళ్లిపోయింది. అయిజ దగ్గరి ఆ ఊళ్లో విత్తనాల కోసం వేసే సీడుపత్తి పూత మీదున్న రోజులవి. విచ్చిన పూలకు ఆ పూటే పుప్పొడి అద్దాలి. పూట తప్పితే ఆ పూలన్నీ దండగే.

లలితమ్మ భర్త కురుమూర్తి గడపలో కూర్చుని రొట్టె తింటున్నాడు. కోడలు మానస చంటిదాన్ని చంకనేసుకుని బయటికొచ్చింది.

"మామా, ఫోనుకు మెసేజి వచ్చింది. పగటికి పిడుగులు పడ్తయంట. చేన్లల్ల ఉండొద్దు, చెట్ల కిందికి పోవద్దన్నరు."

"మొన్న గూడ గిట్లనే వచ్చింది. చినుకన్న పడ్డదా?"

"మొన్న పడలేదని ఇయాల పడదా? కూలోళ్లకు జర చెప్పు మామా. ఆళ్లల్ల శానమందికి ఫోన్లు లెవ్వు."

"చెప్త తియ్," అన్నాడు కురుమూర్తి, చెయ్యి కడుక్కుంటూ.

మధ్యాహ్నం పడమటి దిక్కున మబ్బు నల్లబడింది. ఆడవాళ్లు సాళ్లలో వంగి పని చేసుకుంటున్నారు. కురుమూర్తి వచ్చి, గట్టున కట్టేసిన బర్రెను విప్పి, భార్యను పిలిచాడు.

"ఇంటికి చుట్టాలొచ్చిన్రు. నడువు."

"ఎవరొచ్చిన్రు?"

"వచ్చి చూడరాదూ!"

పక్క సాలులో ఉన్న భీమమ్మ నడుం నిలబెట్టి నవ్వింది. లలితమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే చేలో పని చేసినవాళ్లు. "పో అక్కా, మంచిగ వండిపెట్టు. నీ సాలు నేను జూస్త," అంది.

ఇంటికొస్తే చుట్టాలు లేరు. లలితమ్మ అడిగేలోపే గాలి లేచింది, వాన దంచికొట్టింది. చేనున్న వైపు కళ్లు చెదిరే మెరుపు, ఇల్లు అదిరిపోయేంత ఉరుము. కురుమూర్తి వాకిట్లోకి కూడా రాకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

వాన వెలిసేసరికి ఊరంతా తెలిసింది. తడవకుండా వేపచెట్టు కిందికి పోయిన భీమమ్మ మీద పిడుగు దెబ్బ పడింది. ఒళ్లు కాలి, స్పృహ తప్పింది. ఆటోలో గద్వాల దవాఖానకు తీసుకుపోయారు.

ఆ సాయంత్రం మానస మామ ముందుకొచ్చి నిలబడింది.

"మామా, పొద్దున నేను చెప్పింది ఆళ్లకు చెప్పినవా?"

కురుమూర్తి తల దించుకున్నాడు. చెంబెడు నీళ్లు తెచ్చి అతనికి అందించబోతున్న లలితమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏం చెప్పినవే?"

మానస చెప్పింది. లలితమ్మ చెంబు కింద పెట్టింది.

"చుట్టాలు రాలె. నన్నూ బర్రెనూ తోలుకొచ్చినవ్, అంతే గదా?"

"సగం చేను మిగిలుండె. చెప్తే అందరు లేచి పోతుండె. పూత పోతే యాడాది కష్టం పోయినట్టే గదనే. గా మెసేజి నిజమైతదని నాకేం తెల్సు?"

"తెల్వకపోతే బర్రెనెందుకిప్పినవ్? నన్నెందుకు పిల్సినవ్?"

కురుమూర్తి బర్రె వైపు చూశాడు.

"మబ్బును జూసినవ్. నమ్మినవ్. ఎవరు బతకాల్నో ఏరుకున్నవ్," అంది లలితమ్మ. "థూ! నన్ను కాపాడిననుకుంటున్నవేమో. నా ఒళ్లు నాకే కంపు గొడ్తుంది. పక్కన నిలబడ్డ దాన్ని పిడుగుకొదిలి వచ్చిన ఒళ్లు."

ఆమె పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. తర్వాత సంచిలో రెండు చీరలు పెట్టుకుని దవాఖానకు వెళ్లిపోయింది.

మెసేజి సంగతి రాత్రికే కూలీలందరికీ తెలిసిపోయింది. మర్నాడు కురుమూర్తి చేనుకు ఒక్క కూలి మనిషీ రాలేదు. పూలు చెట్ల మీదే వాడిపోయాయి. ఆడవాళ్లంతా మానస దగ్గరికొచ్చి కూర్చున్నారు. మెసేజి వస్తే మానస పంచాయతీ మైకులో చదవాలని, మైకు మోగితే ఎవరి చేనైనా పని ఆపి స్లాబు ఉన్న ఇంట్లోకి పోవాలని, దానికి ఒప్పుకోని రైతుకు పనికి పోవద్దని మాట్లాడుకున్నారు. వాళ్లు వెళ్లేటప్పుడు కురుమూర్తి అరుగు మీదే ఉన్నాడు. ఎదురైతే పలకరించేవాళ్లు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయారు. మానస కంచం అతని ముందు పెట్టి, ముఖం చూడకుండా లోపలికి వెళ్లింది. అతను కంచం ముట్టకుండానే లేచి గద్వాల బస్సెక్కాడు.

దవాఖానలో భీమమ్మకు తెలివొచ్చింది. భుజానికి, మెడకు కట్లు. లలితమ్మ ఆమెకు జావ తాగిస్తోంది. భర్తను చూసి కూడా చూడనట్టే ఉండిపోయింది.

కురుమూర్తి మంచం పక్కన నిలబడి ఏదో గొణిగాడు.

"ఇటుదిక్కు రా అన్నా," అంది భీమమ్మ. "ఆ చెవి పోయింది. ఈ చెవిల చెప్పు."

అతను మంచం చుట్టూ తిరిగి వచ్చాడు. వంగాడు. చుట్టుపక్కల మంచాల వాళ్లంతా చూస్తున్నారు.

"పిడుగులు పడ్తయని నాకు ముందే తెల్సు భీమమ్మా. చెప్పలే."

భీమమ్మ అతని ముఖంలోకి చూసింది.

"అక్కను పిల్సుకపోతుంటే, చుట్టాలొచ్చిన్రని నేను సంబరపడ్డ అన్నా," అంది.

కురుమూర్తి కింద కూలబడ్డాడు. వయసు మరిచి ఏడ్చాడు. లలితమ్మకు జాలి కలగలేదు. అయినా తన కళ్లలోంచి నీళ్లెందుకు కారుతున్నాయో ఆమెకు తెలియలేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని, జావ గిన్నె అతని చేతిలో పెట్టింది.

"ఏడ్చుడు చాలు. తాగియ్యి దానికి. నెమ్మదిగ... కాలింది మెడ."

భీమమ్మ నోరు తెరిచింది. కురుమూర్తి పట్టిన చెంచా పక్కకు ఒరిగి జావ ఆమె గడ్డం మీద ఒలికింది. లలితమ్మ తుడిచింది. భర్త చేతిని తన చేత్తో పట్టుకుని రెండో చెంచా భీమమ్మ నోటికి అందించింది.