రెండో చుక్క

"చేతులు వణుకుతున్నాయి నీకు," అంది తను నా కుర్చీ వెనక నిలబడి.

"ఏసీ ఎక్కువైంది," అన్నాను.

"ఏసీ పాడై నెలయింది, మేధావీ!" ఫక్కున నవ్వింది. "నేనుంటే నీకింకా కంగారు. బయట ఉంటాలే."

మేమిద్దరం రీసెర్చ్ చేసే ల్యాబ్‌లో ఓ పద్ధతుంది. కొత్త ఫలితం ఎవరి థీసిస్‌ని దెబ్బ కొడుతుందో, దాన్ని మళ్లీ కొలిచి సరిచూడాల్సింది వాళ్లే. ఈసారి ఆ వంతు నాది.

బ్రౌన్ డ్వార్ఫ్ అంటే నక్షత్రం కావాల్సినంత బరువు దొరక్క ఆగిపోయినది. పుట్టిన వాయువుల మబ్బులోంచి పెద్ద నక్షత్రాలు నెట్టేయడం వల్లే ఇవి చిన్నగా మిగిలిపోతాయని నా థీసిస్. ఆ తోపులాటలో అంటిపెట్టుకున్న జంటలే బతుకుతాయి. తనేమో ఒకదానికొకటి బోలెడంత దూరంగా ఉన్న జంటను కనిపెట్టింది. అది నిజమైతే వాటినెవరూ నెట్టలేదు. తమ సొంత చిన్న మబ్బు రెండుగా చీలి, హాయిగా పుట్టాయన్నమాట.

ఆ జంటకి కొన్నేళ్ల కిందట తీసిన ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టాను. నిజమైన జంటయితే రెండు చుక్కలూ కలిసి జరగాలి. మొదటిది జరిగింది. రెండోది పిసరంత కూడా కదల్లేదు.

నా థీసిస్ నిలిచింది. కానీ తనకెలా చెప్పను? కావాలనే ఇలా చేశాననుకుంటే? ఇక జన్మలో నా మొహం చూస్తుందా?

తను రానే వచ్చింది. "ఏంటలా ఉన్నావ్? మొహంలో నెత్తురు చుక్క లేదు!"

"రెండోది... కదల్లేదు."

తన నవ్వు ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి స్క్రీన్ చూసింది.

"దేవుడా! ఏ చుక్కని కొలిచావ్? అది వెనకెక్కడో ఉన్న నక్షత్రం! మనది దాని పక్కది. మళ్లీ కొలువు, నువ్వే."

కొలిచాను. రెండూ కలిసే జరిగాయి.

"హమ్మయ్య!" కుర్చీలో వాలిపోయాను.

"హమ్మయ్యేంటి? నీ థీసిస్ కూలిపోయింది కదా!"

"కూలితే కూలనీ. నువ్వు నాతో ఇక మాట్లాడవేమోనని చచ్చేంత భయపడ్డాను."

"ఎందుకంత భయం?"

"నువ్వంటే నాకు ప్రాణం. అందుకు."

తను తల దించుకుంది.

"నీ థీసిస్ పోతే నన్ను అసహ్యించుకుంటావని నాకూ భయమే," అంది. "ఇందాక తలుపవతల నిలబడి ఏం మొక్కుకున్నానో తెలుసా? నా జంట అబద్ధం కావాలని."