బంగారం తినే దొరలు

మంచుకొండల నడుమ సూర్యుణ్ణి కొలిచే రాజ్యం ఒకటుండేది పిల్లలూ. దానికి పెద్ద ఆపద వచ్చిపడింది. సముద్రం దాటి వచ్చిన గడ్డాల దొరలు రాజుగారిని పట్టుకుని, ఒక రాతిగది చూపించి, "దీన్నిండా బంగారం పోస్తే వదిలేస్తాం" అన్నారు. ఆ రాజ్యంలో బంగారం గుడిగోడలకు తాపడం చేయడానికే తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. అందుకని జనం తమకు తోచినట్టు అనుకున్నారు. పాపం, వీళ్లు బంగారం తిని బతికే మనుషులు కాబోలు, కడుపు నిండితే పోతారులే!

బరువులు మోయడానికి దొరలు పట్టుకుపోయినవాళ్లలో ఇల్లారి అనే చిన్నపిల్ల వాళ్లన్నయ్య కుసి కూడా ఉన్నాడు. గది నిండుతూనే ఉంది, దొరల ఆకలి మాత్రం తీరడం లేదు. మోతగాళ్లకు తిండి పెట్టడం లేదని, కుసి ఎముకలగూడు అయిపోయాడని ఊళ్లోకి కబురొచ్చింది. ఇల్లారి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడవిదారి పట్టింది.

మొదట పెద్ద రాబందును సాయం అడిగింది. "వాళ్ల దగ్గర ఉరిమే గొట్టాలున్నాయి తల్లీ, నా వల్ల కాదు" అని అది రెక్కల్లో తల దాచుకుంది. కొండపులిని అడిగితే, "వాళ్ల కుక్కలే నన్ను తరిమాయి" అని సిగ్గుపడింది. చివరికి ఇల్లారి గడ్డకట్టిన నది మీద మోకాళ్లు కోసుకుపోతున్నా పాకి, కొండదేవర దగ్గరికి చేరింది.

"తాతా, వాళ్ల ఆకలి తీర్చవా? మా అన్నని వదిలేస్తారు."

కొండదేవర ఒక చిన్న కుండ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వాళ్లని ఆపడం నా చేతుల్లో లేదు బిడ్డా. నా గుండెనే తవ్వుకుపోతున్నారు. ఇదిగో, ఈ మట్టికుండలో జావ ఉంది. ఒక్క గుక్క తాగితే ఎంతటి ఆకలైనా మళ్లీ రాకుండా తీరిపోతుంది. కుండ మాత్రం మళ్లీ నిండదు."

తిరుగుదారిలో కడుపు కాలిపోతున్నా ఇల్లారి మూత తీయలేదు. దొరల కోట వాకిట్లో తాళ్లతో కట్టేసిన కుసి కనిపించాడు.

"చెల్లీ, ఆ కుండలో ఏముందే? ఒక్క గుక్క పొయ్యవా?"

"వద్దన్నా, ఇది దొరలకి. వాళ్ల కడుపు నిండితే అందరం ఇంటికి పోతాం."

ఇక్కడికొచ్చేసరికి నాకు కథ ఆపేయాలనిపిస్తుంది. కానీ ఇల్లారి ఆగలేదు, లోపలికి వెళ్లింది.

గది అప్పటికే నిండిపోయింది, నిండిన రోజే దొరలు రాజుగారిని చంపేశారు. బంగారం కుప్పకు చెరోవైపు ఎర్రగడ్డం దొర, నల్లగడ్డం దొర ఒకరినొకరు కాపలా కాస్తూ కూర్చున్నారు. ఇల్లారి వాళ్ల ముందుకు కుండ చాచింది.

"తాగండి దొరా, ఆకలి పోతుంది."

"ముందు నువ్వు తాగు" అన్నాడు ఎర్రగడ్డం రెండో దొరతో.

"నేనెందుకు తాగాలి? విషం కలిపించి నా వాటా కొట్టేద్దామనా?" అన్నాడు నల్లగడ్డం.

కత్తులు లేచాయి. కుండ కిందపడి పగిలింది, జావంతా రాళ్ల సందుల్లో ఇంకిపోయింది. కాపలా భటులు కూడా రెండు జట్లయి బంగారం కోసం నరుక్కోవడం మొదలుపెట్టారు.

ఇల్లారి ఒక పెంకు ఏరుకుని వాకిట్లోకి పరుగెత్తి, అన్న కట్లు విప్పింది. పెంకుకు కాస్త జావ అంటుకుని ఉంది.

"ఇందాకే నీకు ఇవ్వాల్సింది అన్నా!" అని భోరుమంది.

కుసి దాన్ని వేలితో తీసి, సగం ముందు ఆమె నోట్లో పెట్టాడు. "నువ్వు మాత్రం ఏం తిన్నావు గనక?" అన్నాడు. మిగతా సగం తను నాకాడు. ఇద్దరూ కలిసి మిగిలిన మోతగాళ్ల కట్లు విప్పి, అందరితో కలిసి కొండ ఎక్కారు.

ఇల్లు చేరారు. తల్లి ఇద్దరినీ వదలకుండా పట్టుకుని ఏడ్చింది. కానీ గాదెలన్నీ దొరలు ఊడ్చుకుపోయారు. పూటకి మనిషికొక బంగాళాదుంప, అంతే. కొండదేవర జావ నాకి సగం ఆకలి ఎప్పటికీ తీరిపోయిన ఆ అన్నాచెల్లెళ్లకి అందులో సగం చాలేది. ఊళ్లో మిగతావాళ్లకి ఒకటీ చాలేది కాదు.

అందుకని ప్రతి పూటా ఇద్దరూ తమ దుంపల్లో సగం విరిచి, పక్కింటి పిల్లల చేతుల్లో పెట్టేవారు. అంతకుమించి వాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది.