ఆల్ రైట్ చెప్పమ్మా

హిందీ ప్రాంతపు బారిడీహ్ పేటలో పొద్దున్నే కుళాయి నీళ్లు వచ్చే వేళ. బిందె నిండి పొర్లుతున్నా గణపతిరావు చూడలేదు. టీవీలో కూతురు ఇంద్రాణి మాట్లాడుతోంది. భూమి చుట్టూ తిరుగుతున్న వ్యోమనౌకలోంచి అందరినీ నవ్వుతూ పలకరిస్తోంది, మాటకీ మాటకీ మధ్య గుటక మింగుతోంది. చిన్నప్పుడు బస్సులో వాంతి వచ్చే ముందు ఇలాగే మింగేది. అడిగితే "ఏం లేదు నాన్నా" అనేది. తల్లి పోయాక తనే పెంచిన పిల్ల.

రేపు ఆమె నౌక బయటికి వెళ్లి పనిచేయాలి. హెల్మెట్‌లో వాంతి అయితే ప్రాణానికే ముప్పు.

కొడుకు ప్రవీణ్ కాగితం అందించాడు. "ఇంకాసేపట్లో రేడియో లింక్ నాన్నా. దేశమంతా లైవ్. అంతరిక్ష సంస్థ ప్రచార విభాగం నుంచి స్మిత మేడమ్ పంపారు. చదివేయ్, అంతే, బస్."

"'మా అమ్మాయి పూర్తి ఆరోగ్యంగా ఉంది' అని రాసేరేటి? నానెల్లి సూసొచ్చేనా?"

"దీదీ పేరు ఖరాబ్ అయిపోతుంది! ఆడది, తట్టుకోలేకపోయింది అంటారు. అందుకే కదా డాక్టర్లకి కూడా చెప్పలేదు!"

గణపతిరావు తలెత్తాడు. "అంటే నీకు తెలుసు."

ప్రవీణ్ తడబడ్డాడు. "మెసేజ్ పెట్టింది. నీకు చెప్పొద్దంది."

"దాని పేరు కావాల్రా నీకు. నాకు అది కావాల."

లింక్ కలిసింది. గరగరలో ఇంద్రాణి గొంతు: "బాగున్నావా నాన్నా? ఇక్కడ అంతా బాగుంది." మళ్లీ గుటక.

గణపతిరావు కాగితం మడిచేశాడు. "అమ్మా, సర్వీసంతా గూడ్సు గార్డుగా చేసేను. ఎనక డబ్బాలోంచి నాను ఆల్ రైట్ అంటేనే డ్రైవరు బండి కదిపేవోడు. తేడా ఉంటే అనీవోణ్ని కాదు, ఆఫీసరు తిట్టినా సరే. నువ్వూ నాకు ఆల్ రైట్ చెప్పమ్మా. నిజమైతేనే చెప్పు."

ప్రవీణ్ ఫోన్‌లో స్మిత గొంతు: "టాపిక్ మార్చమనండి, ప్లీజ్!" ప్రవీణ్ తండ్రి ముఖం చూసి ఫోన్ కట్ చేశాడు.

"చెప్పలేను నాన్నా." ఇంద్రాణిది చిన్నపిల్ల గొంతైపోయింది. "ఏం తిన్నా ఇమడటం లేదు. తల తిరిగిపోతోంది."

"సాలమ్మా. డాక్టరు గారికీ ఇదే సెప్పు."

"అందరూ విన్నారు నాన్నా..."

"ఇననీ. ఆళ్లిళ్లల్లోనూ పిల్లలున్నారు."

సాయంత్రానికి కబురొచ్చింది: రేపటి పని వాయిదా. ఇంద్రాణికి మందు ఇచ్చారు. ప్రవీణ్ ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఒక విలేకరికి గట్టిగా జవాబిచ్చాడు: "మా దీదీకి ఒంట్లో బాలేదు, తొంగుంది. లేచాక తనే మాట్లాడుతుంది."

ఫోన్ పెట్టేసి తండ్రి పక్కన కూలబడ్డాడు. "రేపు దీదీని వెళ్లనిచ్చేవాణ్ణి నాన్నా. నోరు మూసుకుని చప్పట్లు కొడుతూ కూర్చునేవాణ్ణి." ఏడుపు ఆగలేదు.

గణపతిరావు తువ్వాలుతో కొడుకు ముఖం తుడిచాడు. "ఎల్లనేదు కదా. లే, చారు కాసేను. తిందాం."