ఏ గడిలోనూ పట్టని పిల్ల

"మీరు పని ఎందుకు చేస్తున్నారు?" అని అడిగాను.

"పొద్దుగాల గంట కొడ్తరు, అందుకు," అంది ఆ అమ్మాయి.

"అది కాదు. మీ చేత పని చేయించేది ఏమిటి? భయమా, ఆశా, పొగడ్తా?"

"సూది, సాబ్."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. తల దించుకుని ఖాకీ చొక్కాకు కాజా కుడుతూనే ఉంది. నా చేతిలోని ఫారంలో మూడు గడులున్నాయి. సూదికి గడి లేదు.

"పోనీ, ఎవరైనా తిడితే మీకు కోపం వస్తుందా, ఏడుపు వస్తుందా?"

"తిట్టేటోళ్లను బట్టి ఉంటది."

"ఏదో ఒకటి చెప్పండి! ఏ గడిలో రాసుకోమంటారు?"

"గడి మీది. నన్నడుగుతరేంది?"

నజ్మున్నీసాతో నా మొదటి మాటలు ఇవి. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను నాసర్. బొంబాయిలో పనివాళ్ల వేగం కొలిచే ఆరు నెలల కోర్సు చదివి, స్టాప్‌వాచీ మెడలో వేసుకుని సికింద్రాబాద్ వచ్చినవాణ్ణి. మనుషుల స్వభావాలు నాలుగు రకాలని, ఐదో రకం లేదని నా నోట్సులో స్పష్టంగా ఉంది. ఆ నోట్సు రాసినవాళ్లు మా కారఖానా ఉన్న బన్సీలాల్‌పేట్‌కు రాలేదు, అదీ నా ఖర్మ.

అది నలభై తొమ్మిది వానాకాలం. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. నిజాం ఫౌజు రద్దయింది, దాంతో మా యూనిఫారాల కారఖానాకు ఆర్డర్లు సగం పోయాయి. మేనేజర్ ఆర్థర్ దొర నన్ను పిలిచి, కాజాలు కుట్టేవాళ్లలో రోజుకు తొమ్మిది చొక్కాల కన్నా తక్కువ చేసేవాళ్ల పేర్లు నెలాఖరుకల్లా కావాలన్నాడు. వాళ్లను పనిలోంచి తీసేస్తారు.

ఒక్కొక్కరి కాళ్ల దగ్గర ఒక్కొక్క నంబరు గంప ఉండేది. కుట్టడం అయిన చొక్కా అందులో పడుతుంది. సాయంత్రం నేను లెక్క రాసుకుంటాను. ఇంతకన్నా తేలిక పని లేదనుకున్నాను.

నజ్మున్నీసా దగ్గరే చిక్కొచ్చింది. స్టాప్‌వాచీ పెట్టి చూస్తే, అందరికీ ఏడు నిమిషాలు పట్టే కాజా ఆమె నాలుగున్నర నిమిషాల్లో కుట్టేస్తోంది. సాయంత్రం గంప చూస్తే ఆరే చొక్కాలు! వాచీ పాడైందేమోనని మర్నాడు మళ్లీ చూశాను. నాలుగున్నరే. గంపలో మళ్లీ ఆరే.

"నేను చూసేటప్పుడు గబగబా కుట్టి, నేను పోగానే కూర్చుంటున్నారా?"

"మీరు పోతేగద, సాబ్."

అప్పుడు కళ్లెత్తి చూసింది. అంత విసుగులోనూ ఆ కళ్లు బాగున్నాయని అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే విసుగొచ్చింది. నాలుగో రకం, మొండిఘటం, అని ఫారంలో రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

నెలాఖరుకు మూడు రోజుల ముందు, తొమ్మిదికి తక్కువ పేరు ఒక్కటే తేలింది. ఆమెదే. ఆ కాగితం దొరకు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఇంకోసారి చూద్దామని ఆమె బల్ల దగ్గర నిలబడ్డాను. చేతిలోంచి పెన్సిల్ జారి బల్ల కిందికి దొర్లింది. వంగాను.

బల్ల కింద నజ్మున్నీసా పాదం తన గంపలోని చొక్కాను మెల్లగా పక్క గంపలోకి తోస్తోంది. బల్ల లోపలి వైపు దర్జీ సుద్దతో ఏవో గీతలు కూడా ఉన్నాయి కానీ, వాటిని అప్పుడు పట్టించుకోలేదు.

పక్క గంప బుచ్చమ్మది. అరవై దాటిన మనిషి. రోజూ పదికి తగ్గేది కాదు, నా రికార్డులో మంచి పనిమంతురాలు. లేచి ఆమె చేతుల వైపు చూశాను. సూది చకచకా పైకీ కిందికీ ఆడుతోంది. సూదిలో దారం లేదు.

ఆ సాయంత్రం గంట కొట్టేసరికి వాన దంచుతోంది. వరండాలో అందరూ ఆగారు. నేను నజ్మున్నీసాను ఒక స్తంభం పక్కకు పిలిచాను.

"మీరు పదహారు చొక్కాలు కుడుతున్నారు. పది బుచ్చమ్మకు పెడుతున్నారు. ఎందుకు?"

ఆమె వెనక్కి తిరిగి బుచ్చమ్మ వైపు చూసింది. "అవ్వ కండ్లల్ల పొర వచ్చింది. కాజా కనిపిస్తలేదు. తీసేస్తే యాడికి పోతది? ముందూ ఎన్కా ఎవ్వరు లేరు."

"మరి మిమ్మల్ని తీసేస్తే?"

"పదహారుల ఇద్దరికి తొమ్మిదేసి ఎట్ల వస్తయి, సాబ్? లెక్కలు మీకే గద వచ్చేది!"

"దీన్ని ఏమంటారో తెలుసా? మోసం!" అని అరిచాను. అరిచింది కోపంతో కాదు, ఈ పిల్ల రేపటినుంచి కనిపించదేమో అన్న భయంతో. అది నాకు అప్పుడే తెలిసింది.

ఆమె గొంతు తగ్గించింది. "పోయినేడు గడబిడ దినాలల్ల మేం ఊర్ల ఉన్నం. అమ్మీని, నన్ను పన్నెండు దినాలు అవ్వ తన ఇంట్ల దాచింది. ఎవరొచ్చి అడిగినా గడప దాటనియ్యలె. ఆ పన్నెండు దినాలు ఏ గడిల రాస్తరో రాసుకోన్రి. అవ్వ పేరు మాత్రం చెప్పకుండ్రి."

వాన పూర్తిగా తగ్గకముందే కొంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే బుచ్చమ్మను దొర గదికి పిలిపించాను. పది నిమిషాలు కాలేదు, తలుపు దభాలున తోసుకుని నజ్మున్నీసా వచ్చింది.

"చెప్పొద్దంటే చెప్పినవు గద!" మర్యాద ఎప్పుడో ఎగిరిపోయింది. "నీ వాచీల ముళ్లు తప్ప మనుషులు కనిపించరు నీకు! తీసేస్తే నన్ను తియ్యి, అవ్వను ముట్టకు!"

"ఒక్క నిమిషం..."

"ఏం నిమిషం? జెర సుత సిగ్గులేదా?"

"ఏ పిల్లా, ఎందుకట్ల మొత్తుకుంటవు? మడత చెడిపోతది," అంది బుచ్చమ్మ.

నజ్మున్నీసా అప్పుడు చూసింది. దొర మేజా మీద చొక్కాల కుప్ప. బుచ్చమ్మ వాటిని వేళ్లతో తడిమి మడతలు పెడుతోంది. చేతులు, కాలరు, అంచు, అన్నీ గీత గీసినట్టు. ఒక చొక్కా దగ్గర ఆగింది. "దీనికి మూడో గుండీ లేదు, దొరా." ఆర్థర్ దొర చూశాడు. నిజంగానే లేదు. చెకింగులో కళ్లున్నవాళ్లు ముగ్గురు దాన్ని చూడకుండా పంపేశారు.

మడతలకు కళ్లు అక్కర్లేదని పొద్దున దొరకు చెప్పింది నేనే. ఆ రోజే బుచ్చమ్మ మడతల బల్లకు మారింది. సాయంత్రం నజ్మున్నీసా గంపలో పదహారు చొక్కాలున్నాయి.

"ఆరు నుంచి పదహారా!" దొర నా రిజిస్టరు తిప్పి తిప్పి చూశాడు. "ఏ పద్ధతి వాడావు నాసర్? రిపోర్టు రాయి."

"బొంబాయిలో చెప్పింది కాదు సార్," అన్నాను.

గంట కొట్టాక నజ్మున్నీసా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. నేను రాగానే లేచి నిలబడింది.

"పొద్దుగాల నోటికొచ్చినట్టు అన్న. మాఫ్ చెయ్యిన్రి," అంది. ఆ ముఖంలో మాఫీ అడిగే తీరు ఏ కోశానా లేదు. "ఇగ మీరు కొలిచింది చాలు. నేను కొలిచింది సుత జెర చూడున్రి."

వంగి చూశాను. బల్ల లోపల అవే సుద్దగీతలు, వరసలు వరసలుగా.

"ఏమిటివి?"

"హాల్ల బల్లలు పది. తక్కినయాటి కాడికి మీరు రోజుకు రెండు సార్లు వస్తరు. మా బల్ల కాడికి తొమ్మిది, పది, మొన్న పదమూడు. ఏందిది సాబ్? భయమా, ఆశా, పొగడ్తా?"

ఆరు నెలల కోర్సులో ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు.

"ఆ మూడూ," అన్నాను. "నువ్వు కనబడవేమోనని భయం. చూస్తావేమోనని ఆశ. పొగడ్త ఇంతవరకు ఒక్కసారీ దక్కలేదు."

ఈసారి ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం నెల రోజులు విసిగిపోయానని నాకు అప్పుడర్థమైంది.

మడతల బల్ల దగ్గరి నుంచి బుచ్చమ్మ గొంతు వినిపించింది. "నాసరు కొడకా, నాకు కండ్లు కానరాకున్నా నీ బూట్ల సప్పుడు ఎటు దిక్కు పోతదో మొదటి వారమే తెలిసింది. అది గీతలు గీసుకుంట, నువ్వు ఫారాలు నింపుకుంట ఇంకెన్నాళ్లు పరేషాన్ చేస్తరు మమ్మల్ని? పా, దాని అమ్మీ కాడికి పోయి పిల్లనడుగుదాం. నన్ను చెయ్యి పట్టి తోల్కపో."

నేను స్టాప్‌వాచీ తీసి బల్ల మీద పెట్టాను. నజ్మున్నీసా సుద్దముక్క తీసుకుని బల్ల కిందికి వంగి ఇంకో గీత గీసింది.

"ఇప్పుడు మీరు వచ్చింది ఇంకా లెక్కల వెయ్యలే," అంది.